వేలు దూరని పట్టీ

దర్జీ కొట్టు నుంచి

మా గజంబద్దకు మీ అత్త రాస్తున్నది,

నువ్వు బస్సెక్కిన రోజు నుంచి కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ నీ గురించే అడుగుతున్నారు. నిన్న ఒకావిడ కొలతలు ఇస్తూ, "మీ మేనకోడలు ఇనుము కోసే చదువుకి వెళ్ళిందటగా" అని ఊపిరి బిగబట్టి అడిగింది. "ఊపిరి వదలండి, నడుం కొలత తప్పొస్తుంది" అన్నాను.

దీంతోపాటు కోటు పంపుతున్నాను. మీ నాన్న పెట్టిన షరతు నీకు తెలిసిందే. మోకాళ్ళు దాటాలి, ఒళ్ళు తెలియకూడదు, అలాగైతేనే అంతమంది మగపిల్లల మధ్య పని చెయ్యనిస్తానన్నాడు. నిన్ను చేర్పించిన రోజున మీ మాస్టారి దగ్గర కూడా ఆ మాట తీసుకునే వచ్చాడు. అందుకని మోకాళ్ళ కిందకి దించాను. చేతులు బాగా వదులుగా పెట్టాను, గాలాడుతుంది. నడుం దగ్గర వెనక రెండు నాడాలు పెట్టాను, ముడేసుకుంటే పొందిగ్గా ఉంటుంది. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ మీ ఇద్దరికీ నేనే కుడుతున్నాను గానీ ఇంత మనసు పెట్టి ఎప్పుడూ కుట్టలేదు.

హాస్టలు ఫోనేమో వార్డెన్ గదిలో, మన ఇంటి ఫోనేమో మీ నాన్న జేబులో. మనం మనసు విప్పి మాట్లాడుకోవాలంటే ఉత్తరాలే గతి. కొట్టు చిరునామాకే రాయి.

నీ చెల్లెలు బొత్తాం ఇప్పటికీ నీ దిండు మీదే పడుకుంటోంది. సెలవులయ్యాక పెద్ద బడికి వెళ్ళాల్సిన పిల్ల, ఇంకా పసితనం వదల్లేదు. నువ్వు మాత్రం అక్కడ తిండి సరిగ్గా తిను. ఇంకా సన్నబడితే నీ కొలతలు నా టేపు మీద దొరకవు.

మీ అత్త


శిక్షణాలయం, ఆడపిల్లల హాస్టలు

కత్తెర అత్తకు,

కోటు అందింది. చాలా బాగుంది. హాస్టల్లో అందరూ పట్టుకుని చూశారు, ఏ దర్జీ కుట్టాడని అడిగారు. కుట్టాడు కాదు, కుట్టింది అన్నాను.

మా షెడ్డు పొడుగ్గా, రేకుల కప్పుతో ఉంటుంది. లేతు యంత్రాలు రెండు వరసలు. ఇనుప కడ్డీని బిగించి గిరగిరా తిప్పుతుంటే పక్కనుంచి ఉలి లాంటి పనిముట్టు దాన్ని చెక్కుతుంది. ఇనుము పొరలు పొరలుగా చుట్టలు చుట్టుకుని కింద పడుతుంది. వేడిగా ఉంటుంది, చేత్తో తియ్యకూడదు. మా వరసలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొదట్లో అందరూ చూసేవాళ్ళు, ఇప్పుడు చూడటం మానేశారు.

ఈ వారం కడ్డీని మెట్లు మెట్లుగా చెక్కడం మొదలుపెట్టాం. ఒక చివర లావు, తర్వాత కొంచెం సన్నం, ఆ తర్వాత ఇంకా సన్నం. చివరి పరీక్షలో అదే చెయ్యమంటారట.

నీ కోటు ఇంకా కొత్తదానిలాగే ఉంది అత్తా. ఒక్క మరక పడితే ఒట్టు. అంత జాగ్రత్తగా చూసుకుంటున్నాను.

బొత్తాం పెద్ద బడికి వెళ్ళడం మొదలుపెట్టిందా? దాన్ని ఒక ఉత్తరం రాయమను.

నీ గజంబద్ద


దర్జీ కొట్టు నుంచి

గజంబద్దా,

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాను. కొట్టు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, ఒంటి మీద రంపపు పొట్టు కూడా దులుపుకోకుండా విన్నాడు. ఇనుప చుట్టల దగ్గరికొచ్చేసరికి "వేడిగా ఉంటాయా" అని మళ్ళీ చదివించాడు. నవ్వలేదు గానీ నవ్వొచ్చిందని నాకు తెలుసు.

తర్వాత ఒక మాట అడిగాడు. నీకు గుర్తుందా, చిన్నప్పుడు వాళ్ళ కోత మిల్లుకి సద్ది పట్టుకెళ్ళినప్పుడు చూసేదానివి. రంపం తిప్పే ముందు ఒకడి చొక్కా చేతిపట్టీలో ఇంకొకడు వేలు పెట్టి చూస్తాడు. వేలు దూరిందా, గుండీ బిగించేదాకా ఆ రోజు రంపం తిరగదు. ఎంత పెద్ద మేస్త్రీ అయినా చెయ్యి చాపాల్సిందే. "అక్కడ కూడా పట్టీ చూస్తారా, అడుగు" అన్నాడు. రాయి.

మరక పడలేదని రాశావు. మీ నాన్న చొక్కా తొడుక్కున్న గంటకే మసిబట్టలా తయారవుతుంది. నువ్వేమన్నా ఆ కోటుని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి పని చేస్తున్నావా? ఊరికే అంటున్నాలే. మరకలు పడనీ. మరకలు పడితే ఉతకడానికి సబ్బు ఉంది.

పొద్దున్నుంచీ పని ఎక్కువై చెయ్యి లాగేస్తోంది. నయం, బొత్తాం పక్కన కూర్చుని కాజాలు కుట్టేస్తోంది. దాని చెయ్యి నాకంటే సాపుగా పడుతోంది ఈమధ్య.

మీ అత్త


శిక్షణాలయం హాస్టలు

అత్తా,

నీ ఉత్తరం చదివాక ఒక మాట దగ్గర ఆగిపోయాను. అక్కణ్ణుంచి ముందుకు వెళ్ళలేకపోతున్నాను.

బొత్తాం పొద్దున్నుంచీ నీ పక్కన కూర్చుని కాజాలు కుట్టడమేమిటి? నువ్వు ఉత్తరం రాసింది బడి ఉన్న రోజు. సెలవులయిపోయి చాలా కాలమైంది. దాన్ని ఉత్తరం రాయమన్నాను, అదీ రాలేదు. దానికి ఒంట్లో బాగాలేదా? బాగాలేకపోతే కాజాలు ఎలా కుడుతుంది? ఈమధ్య సాపుగా పడుతోందన్నావు. అంటే ఎన్నాళ్ళ నుంచి కుడుతోంది?

నాకు నిజం రాయి. నేను బెంగపడతానని ఆలోచించకు. తెలియకపోతేనే ఎక్కువ బెంగ.

పట్టీ సంగతి అడిగావు. ఇక్కడా చూస్తారు.

నీ గజంబద్ద


దర్జీ కొట్టు నుంచి

గజంబద్దకు,

నాలుక కరుచుకున్నాను. నా చేత్తో నేనే రాసి నేనే దొరికిపోయాను.

దానికి ఒంట్లో బాగానే ఉంది. సెలవులయ్యాక మీ నాన్న దాన్ని పెద్ద బడిలో చేర్పించలేదు. బడి ఊరికి ఆ చివర, బస్సులో వెళ్ళి రావాలి. "ఒకదాన్ని పంపాను కదా. అది ఏం చేసుకొస్తుందో చూద్దాం. అది గట్టెక్కితే రెండోదాన్ని పంపుతాను. అది బోర్లా పడితే ఇద్దరూ ఇంటిపట్టునే ఉంటారు" అన్నాడు. నేను అరిచాను, బతిమాలాను, కొన్నాళ్ళు మాట్లాడటం మానేశాను. ఆయన చొక్కాకి గుండీ ఊడితే కుట్టనన్నాను కూడా. గుండీ లేకుండానే తిరిగాడు.

మీ నాన్న చెడ్డవాడు కాదే. భయస్తుడు. రంపం ముందు పొద్దంతా నిలబడే మనిషికి ఆడపిల్ల బస్సెక్కితే గుండె దడ.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెల్లెలి చదువు నీ పరీక్ష మీద పెట్టారని తెలిస్తే నీ చెయ్యి వణుకుతుందని. అయినా నువ్వు చక్కగా పని నేర్చుకుంటున్నావు గనక నాకు ధైర్యంగానే ఉంది. బడి తెరిచినప్పుడే, నాలుగు నెలలు ఓర్చుకుంటే చాలు అని బొత్తానికి చెప్పాను. అది "అక్కకి వచ్చేస్తుందిలే అత్తా" అంది. నీ మీద దానికి ఎంత నమ్మకమో.

మీ అత్త


శిక్షణాలయం హాస్టలు

అత్తా,

ఈ ఉత్తరం నాన్నకి చదవద్దు. బొత్తానికి అసలు చూపించద్దు.

నేను ఇప్పటిదాకా లేతు ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నీకు రాసినవన్నీ నేను స్టోరు గది కిటికీలోంచి చూసినవి. కోటు వేసుకుని మొదటి రోజు యంత్రం దగ్గరికి వెళ్ళగానే మాస్టారు నన్ను చేత్తో ఆపేశారు. "ఈ చేతులూ ఈ నాడాలూ చూశావా? కడ్డీ తిరిగేటప్పుడు ఇందులో ఏ ఒక్కటి తగులుకున్నా యంత్రం గుడ్డతోపాటు నిన్నూ లాగేసుకుంటుంది" అన్నారు. పొట్టి కోటు వేసుకుంటానన్నాను. "మీ నాన్న నా దగ్గర మాట తీసుకున్నాడు. రేపు ఆయనొచ్చి గొడవ పెడితే ఎవరు పడతారు?" అన్నారు. ఇక్కడిచ్చే కోట్లు మగపిల్లల కొలతలవి. తొడుక్కుంటే చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. అది మరీ ప్రమాదం.

అప్పటినుంచీ నన్ను స్టోరులో కూర్చోబెట్టారు. అడిగినవాళ్ళకి పనిముట్లు అందించడం, సాయంత్రం తుడిచి సర్దడం నా పని. మాస్టారు చెడ్డగా మాట్లాడరు. "రాతపరీక్షలో నీకు మంచి మార్కులే వస్తాయిలే అమ్మాయ్. ఏదో స్టోరులో ఉద్యోగం దొరుకుతుంది" అంటారు. ఆయనకి నేను స్టోరులో ఉంటేనే హాయి, అది నాకు కనిపిస్తూనే ఉంది. కానీ చేతిపని పరీక్ష తప్పితే పట్టా ఇవ్వరు.

నీ కోటు వల్ల ఇలా అయిందని నీకెలా రాయను? నాడాల చివర కూడా గట్టి కుట్టు వేసి పంపావు. ఆ కుట్టు చూసినప్పుడల్లా మరో అబద్ధం రాయడానికి కూర్చునేదాన్ని. ఏదో ఒక రోజు మాస్టారే పిలుస్తారులే అనుకున్నాను. ఇప్పుడు పరీక్షకి నెల కూడా లేదు. నేను తప్పితే బొత్తాం కాజాలు కుట్టుకుంటూ ఉండిపోతుంది. ఏం చెయ్యాలో చెప్పు.

గజంబద్ద


దర్జీ కొట్టు నుంచి

గజంబద్దా,

నీ ఉత్తరం చదివి మిషను మీద తల పెట్టుకుని కూర్చున్నాను. కోపం ఎవరి మీదో తెలియలేదు. మొదట నీ మీదే వచ్చింది, నాకు చెప్పనందుకు. తర్వాత నా మీద. నలభై ఏళ్ళ బట్టి మీ నాన్న చొక్కాలకి పట్టీలు బిగించి కుడుతున్నదాన్ని, నీకు మాత్రం చేతులు వదులుగా పెట్టాను. ఆడపిల్ల బట్ట అనుకున్నానే గాని పని చేసే మనిషి బట్ట అనుకోలేదు. ఆయనా అంతే, నేనూ అంతే.

ఉత్తరం నాన్నకి చదవద్దన్నావు. చదవలేదు గానీ ఏం చేశానో విను.

నీ కోటుకి తెచ్చిన నీలం గుడ్డ మిగిలింది. అదే కోటు, అవే చేతులు, అవే నాడాలు, మీ నాన్న కొలతలకి కత్తిరించాను. ఆయన కొలతలకి నాకు టేపు అక్కర్లేదు. మధ్యాహ్నం మిల్లుకి పట్టుకెళ్ళి, "కొత్త పనికోటు కుట్టాను అన్నయ్యా, తొడుక్కో" అన్నాను. నేను ఏమిస్తే అది తొడుక్కునే మనిషి. తొడుక్కుని రంపం వైపు రెండడుగులు వేశాడు. ఎదురుగా ఉన్నవాడు అలవాటు చొప్పున ఆయన పట్టీలో వేలు పెట్టాడు. వేలేమిటి, వాడి పిడికిలంతా దూరిపోయింది. మిల్లు మిల్లంతా నవ్వారు.

మీ నాన్న నవ్వలేదు. కోటు విప్పేసి, "నీకు మతి పోయిందా? ఇది వేసుకుని రంపం బెల్టు దగ్గర నిలబడితే నన్ను ఇంటికి మూట కట్టి పంపుతారు" అని అరిచాడు.

"నీ కూతురికి నువ్వు కుట్టించిన కోటు ఇదే. గుడ్డ కూడా అదే" అన్నాను.

రంపం ఆపేశారు. అందరూ మా వైపే చూస్తున్నారు. ఆయన ఆ కోటు చేతిని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. మనిషి మెత్తబడ్డాడనుకున్నాను గజంబద్దా, పని అయిపోయిందనుకున్నాను. ఆయన మెల్లిగా, "అయితే దాన్ని ఆ యంత్రాల దగ్గర ఉంచేది లేదు. వెళ్ళి తీసుకొచ్చేస్తాను" అన్నాడు.

నీ కోసం వేసిన ఎత్తు నీ మీదకే తిరిగింది. ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపడమే. మిల్లు సెలవు దొరకగానే బయల్దేరతానంటున్నాడు.

దీంతో కొత్త కోటు పంపుతున్నాను. నడుం కిందికి జానెడు, అంతే. నాడాల్లేవు. చేతులకి గట్టి పట్టీలు, రెండేసి గుండీలు. గుండీలు బొత్తాం కుట్టింది. ఎందుకో దానికి చెప్పలేదు, కానీ ఒక్కో గుండీ లాగి లాగి చూసి మరీ కుట్టింది. మీ నాన్న వచ్చేలోపు ఆ యంత్రం ముందు నిలబడు. మాస్టారికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

మీ అత్త


శిక్షణాలయం హాస్టలు

అత్తా,

కోటు వచ్చిన మర్నాడే తొడుక్కుని షెడ్డులోకి వెళ్ళాను. మాస్టారు "మీ నాన్న ఒప్పుకున్నాడా?" అన్నారు. "లేదండీ. బట్టతో ఇబ్బంది ఉందన్నారు, ఇప్పుడు లేదు. నన్ను స్టోరులో ఎందుకు ఉంచుతున్నారో ఇంక మీరే చెప్పండి" అన్నాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా అన్నాను గానీ అన్నాను. ఆయన రెండో వరస చివర ఉన్న పాత యంత్రం చూపించారు.

మొదటి రోజు పనిముట్టు మొన విరగ్గొట్టాను. రెండో రోజు కడ్డీ ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. కిటికీలోంచి చూసి అంతా వచ్చేసిందనుకున్నాను, చేతికి ఒక్కటీ రాలేదు. మిగతావాళ్ళు నెలల తరబడి చేసింది నేను రోజుల్లో చెయ్యాలి. ఇప్పుడిప్పుడే మెట్లు కుదురుతున్నాయి, ఒకసారి కుదిరితే ఒకసారి కుదరవు. సోమవారం పరీక్ష.

గేటు దగ్గర గొంతు వినిపిస్తే చాలు, నాన్నేమో అని తల తిప్పి చూస్తున్నాను. వస్తే రానని చెప్తాను. నాన్నకి ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు, ఎలా చెప్తానో తెలియదు. కానీ రాను.

కింది ముక్క మాత్రం నాన్నకి చదివి వినిపించు.

నాన్నా, నేను తప్పుతానో గట్టెక్కుతానో నాకే తెలియదు. తప్పితే మళ్ళీ రాస్తాను, అది నా తంటా. బొత్తాన్ని దానికి ముడిపెట్టకు. నీ మిల్లులో ఒకడి చెయ్యి తెగితే రెండోవాణ్ణి ఇంటికి పంపేస్తారా? వాడి పట్టీ చూసి పనికి పంపుతారు కదా. నువ్వు మమ్మల్ని ఆపద్దు, పట్టీ చూసి పంపు. నాకు భయంగా ఉంది నాన్నా. నీకూ భయంగా ఉందని నాకు తెలుసు. అయినా నేను సోమవారం ఆ యంత్రం ముందు నిలబడతాను.

నీ గజంబద్ద


దర్జీ కొట్టు నుంచి

గజంబద్దా,

హడావిడిగా రాస్తున్నాను. అటు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, హాస్టల్లో ఇస్తానన్నాడు.

నీ ముక్క నిన్న చదివి వినిపించాను. రెండుసార్లు చదివించాడు. అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఇవాళ పొద్దున్న నేను కొట్టు తీసేసరికి మనిషి ఇంట్లో లేడు. నేను ఆయనకి కుట్టిన పొడుగు కోటు కూడా లేదు. బొత్తాం కూడా లేదు. మిల్లులో అడిగితే సెలవు పెట్టాడన్నారు.

ఆ పిల్లని ఎక్కడికి తీసుకెళ్ళాడో, నీ దగ్గరికే వస్తున్నాడో, వస్తే ఏం చేస్తాడో నాకేమీ పాలుపోవడం లేదు. దారం సూదిలోకి ఎక్కడం లేదు. ఇవాళ నీ పరీక్ష. నువ్వు మాత్రం యంత్రం వదిలి రాకు.

అత్త


శిక్షణాలయం హాస్టలు

అత్తా,

నీ ఉత్తరం సాయంత్రం అందింది. నాన్న అంతకంటే ముందే వచ్చాడు.

మధ్యాహ్నం పరీక్షకి వరసలో నిలబెడుతుండగా షెడ్డు గుమ్మంలో కనిపించాడు. చంకలో సంచి. పరిగెత్తుకుని వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. రానని చెప్పాలి అని మనసులో అనుకుంటున్నాను.

నాన్న నా దగ్గరికి రాకుండా ముందు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. సంచిలోంచి నువ్వు ఆయనకి కుట్టిన ఆ పొడుగు కోటు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ దగ్గర నేను తీసుకున్న మాట ఇది. వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు.

తర్వాత నా ముందుకొచ్చి నిలబడి "చెయ్యి" అన్నాడు. అందరూ చూస్తుండగా చాపాను. కుడి పట్టీలో వేలు పెట్టబోయాడు. దూరలేదు. ఎడమ చేతిదీ చూశాడు. దూరలేదు. గుండీలు ఒక్కొక్కటీ లాగి చూశాడు. "ఇవి ఎవరు కుట్టారు?" అన్నాడు. బొత్తాం అన్నాను. "దాన్ని పెద్ద బడిలో చేర్పించి, తరగతిలో కూర్చున్నాక చూసుకుని, అక్కణ్ణుంచే వస్తున్నాను. అందుకే ఆలస్యమైంది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "కళ్ళు తుడుచుకో, కడ్డీ కనిపించదు" అన్నాడు. ఆయన కళ్ళు మాత్రం తుడుచుకోలేదు.

కోటు సంగతి విను, నువ్వు కోప్పడవుగా. దాన్ని పరీక్ష అయ్యాక కత్తిరించి యంత్రాలు తుడిచే గుడ్డలు చేశాం. మంచి గుడ్డ అత్తా, నూనె బాగా పీలుస్తోంది. నా కొత్త కోటు మీద ఎన్ని మరకలో.

ఫలితాలు ఇంకా రాలేదు. నా మూడు మెట్లలో రెండు సరిగ్గా వచ్చాయి, మూడోది నాకే అనుమానం. ఏమవుతుందో తెలియదు. నిద్ర పట్టడం లేదు. నాన్న కూడా "ఎప్పుడు చెప్తారు" అని వెళ్ళేదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఒకటి రాయడం మరిచిపోయాను. నాన్న గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాక, గంట కొట్టబోతుండగా, పక్క యంత్రం దగ్గర ఉన్నతను నా వైపు తిరిగాడు. ఈ నెలల్లో నన్ను పనిముట్లు అడగడానికి తప్ప ఎప్పుడూ పలకరించలేదు. తన చెయ్యి నా ముందుకు చాపాడు. నేను పట్టీలో వేలు పెట్టి చూశాను. దూరింది.

"గుండీ పెట్టుకో" అన్నాను.

పెట్టుకున్నాడు. అప్పుడు ఇద్దరం యంత్రాలు తిప్పాం.

నీ గజంబద్ద